ఆరు బై నాలుగు

నకిరేకల్ల నిమ్మకాయల మార్కెట్‌కు ఎదురుంగ
నాది ఫ్లెక్సీల దుకాణం.
పొద్దంతా సిరా వాసన, పొద్దుమీకితే నిమ్మ వాసన.
జనం మొఖాలు పెద్దగ చేసుకుంట బతుకుతున్న:
పుట్టిన్రోజులు, పెద్దకర్మలు, గెలిచిన వార్డు మెంబర్లు.
ఇన్నేండ్లల్ల ఒక్క తిట్టు అచ్చేయలే.

నిన్న గేమింగ్ సెంటర్ సైదులు పెన్‌డ్రైవ్ తెచ్చిండు.
ఎర్ర రంగు, ఆరు బై నాలుగు,
పైన ‘దొంగాట ఆడినోళ్లు’,
కింద ఏడు ఫోటోలు, ఏడు పేర్లు, తండ్రి పేరు, ఊరు.
“తండ్రి పేరెందుకే?” అన్న.
“ఒకే పేరోళ్లు ఇద్దరుంటరు గద,
పాపం, ఇంకోని మీదికి పోవద్దు.”
న్యాయంగనే మాట్లాడుతడు సైదులు.

గోడ అవతలోడు కనవడే సాఫ్ట్‌వేర్ ఏసుకున్నరట.
తుపాకి దానంతటదే తలకాయను ఎతుక్కునేదట.
ఫైనల్ల ఓడింది చందుపట్ల ఇంద్రజ.
పత్తి ఏరి అమ్మ ఇంటికొచ్చినంక
ఆమె ఫోను గుంజుకొని, రాత్రి రెండింటిదాక నేర్చిన పిల్ల.
సైదులు ఎనకనే నిలవడి అన్నది:
“నేను ఓడింది ఊరంతటికి తెలుసన్నా.
నన్నెట్ల ఓడగొట్టిన్రో ఎందుకు తెల్వొద్దు?”
నా తాన జవాబు లేకుండె.
మౌస్ పట్టుకున్న.

మూడో ఫోటో పెద్దగ చేసిన.
బడి ఫోటో, ఆటకు పేరిచ్చినప్పుడు అంటించింది.
మెడకు ఇంక టై ఉన్నది.
మూడువందల శాతంల మొటిమలు గూడ లెక్కకొస్తున్నయి.

మూడో పేరు.
మా నాయినది గూడ మూడోదే,
సొసైటీ గోడ మీద, నీలం రంగుతోని,
మొండి బకాయిదారులు అన్న మాట కింద.
బోర్లు ఎండిన ఏడు.
నాది నాలుగో తరగతి,
కూడబలుక్కుంట నేను సదివిన మొదటి గోడ అది.
ఆ గోడ తగలకుండ నాయిన
బొందలగడ్డ దారిన సుట్టు తిరిగి మార్కెట్‌కు పోయేటోడు.
బాకీ కట్టిండు. రశీదు చూపిచ్చిండు.
“వచ్చేసారి సున్నమేస్తే పోతది లే” అన్నడు గుమాస్తా.
ఆ వచ్చేసారి రెండేండ్లకొచ్చింది.
అటెన్క గూడ వాన వడ్డప్పుడల్ల
‘బుచ్చిరాములు’ల ‘చ్చి’ ఒక్కటి
సున్నం లోపలికెల్లి నీలంగ తేలేది.

మీది అంతస్తుల వకీలు నుస్రత్ మేడంను అడిగిన.
“ఆడనీకి ఇచ్చిన ఫోటో అది, బజార్ల పెట్టనీకి ఇయ్యలే.
పైంగ పిల్లలు. తల్లిదండ్రుల ఒప్పుకోలుందా?
రేపు కేసైతే అచ్చేసిన నువ్వు గూడ చెప్పుకోవాలె.”
చాయ్ గ్లాసు కింద పెట్టి
“మా వాని పేరైతే లేదు గదా” అని నవ్వింది.
నవ్వుకుంటనే తెర దిక్కు వంగి, ఏడు మొఖాలు చూసినంకనే
మెట్లెక్కింది.

సైదులుకు చెప్పిన.
చాన సేపు మీసం గోక్కున్నడు.
“సరె, పేర్లు తియ్యి, మొఖాలు తియ్యి.
ఏడుగురు అన్న మాట మాత్రం ఉంచు.”

కట్టిన్రు.
సాయంత్రానికి సెంటర్ల ఆడే అరవైమంది
ఒకని మొఖం ఒకడు తూకమేసుకుంటున్నరు.
జన్మల దొంగాట ఆడని కటికె పిలగాడు
అడగని మనిషికి గూడ ‘నేను గాదు’ అని చెప్పవట్టె.
ఇంద్రజ వచ్చి, ఆ ఖాళీ ఎరుపు ముందట
సైకిలు దిగకుండనే ఒక కాలు ఆనిచ్చి నిలవడ్డది.
ఏమనలే. బెల్లు కొట్టుకుంట పోయింది.

దుకాణం కట్టేసే ముందు ఫైలు తీసేసిన.
‘నిజంగనే తీసెయ్యాల్నా’ అని అడిగింది మిషిను.
అవును నొక్కిన.

ఊడుస్తుంటే కనవడ్డది,
రంగు చూసుకోనీకి పొద్దున కొట్టిన ముక్క,
బెత్తెడు. మూడో పిలగాని గదుమ, టై,
పేరుల ఆఖరి రెండక్షరాలు.
చింపుదామని చూసిన, ఫ్లెక్సీ చినగది.
కత్తెర కోసం లోపలికి పోయొచ్చేసరికి
హమాలి లింగస్వామి దాన్ని
పిగిలిన నిమ్మకాయల సంచికి అతుకేసి కుడుతున్నడు.
నేను నోరు తెరిచేలోపు
ఆ సంచి ఢిల్లీ లారీ ఎక్కింది.